ఫ్రెంచి కోటలకు ఆవకాయ

మా అమ్మ ఫ్రాన్సు వెళ్ళొచ్చిన మనిషి అంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నేనూ నమ్మించే ప్రయత్నం మానేశాను. నమ్మకపోతే వాళ్ళకే నష్టం.

అప్పుడు మేం కౌలాలంపూర్‌లో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో, రైల్వేవాళ్ళిచ్చిన వరస ఇళ్ళలో ఉండేవాళ్ళం. నాన్నకు రైల్వే కార్ఖానాలో పని. అమ్మ గుట్ట మీది బంగళాలో ఒక ఫ్రెంచి దొర ఇంట్లో ఆయా. దొరది రబ్బరు కంపెనీలో పెద్ద ఉద్యోగం. వాళ్ళకు ఇంకా నడక రాని ఆడపిల్ల ఒక్కతే సంతానం. ఆ పిల్ల మా అమ్మ భుజం మీద తప్ప నిద్రపోయేది కాదు. బడి లేనప్పుడు నేనూ అమ్మ వెంట వెళ్ళి, వరండా మెట్ల మీద కూర్చుని, ఆ పిల్లను చూసి కుళ్ళుకునేదాన్ని. అది నా భుజం మరి!

ఒక ఏడు దొరకు పొడుగు సెలవు దొరికింది. దొరసాని వరండాలో బల్ల మీద పెద్ద పటం పరిచి ప్రయాణానికి పథకం వేసుకోవడం మొదలుపెట్టింది. సింగపూర్ దాకా రైలు, అక్కణ్ణుంచి మార్సేయి దాకా ఓడ, ఆ తర్వాత లువార్ అనే నది ఒడ్డున ఉన్న కోటలన్నీ చూడటం. ఏదో ఒక పుస్తకం తెరిచి, బొమ్మలు చూసి, పటం మీద పెన్సిలుతో గుర్తులు పెట్టేది. మర్నాడు వాటిని తుడిపేసి వేరేవి పెట్టేది. దొర పేపరు చాటు నుంచి అన్నిటికీ "ఊఁ" అనేవాడు. పిల్ల కోసం అమ్మను కూడా తీసుకెళ్ళాలని తేల్చుకున్నారు.

అమ్మ ఆ కబురు తెచ్చిన సాయంత్రం నాకు అన్నం సయించలేదు.

"ఏటే, నువ్వు కోటలు సూడ్డానికి ఎల్తావా?" అని నాన్న నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. "ఎల్తాను" అంది.

అంత పట్టుదల ఎందుకో మాకు తెలుసు. విశాఖపట్నం జిల్లాలో మా తాత ఒక చిన్న జమీందారు కింద రైతు. పంట పోయిన ఏడు శిస్తు తగ్గించమని మనవి చేసుకోవడానికి, చిన్నపిల్లగా ఉన్న అమ్మను వెంటబెట్టుకుని కోటకు వెళ్ళాడట. కోటకు వట్టి చేతులతో వెళ్ళకూడదన్నది అక్కడి మర్యాద. అరటిగెలో, నేతికుండో పట్టుకెళ్ళాలి. పంటే పోయినవాడు ఏం పట్టుకెళ్తాడు? పొద్దుటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా బయట నిలబెట్టి, చివరికి కాపలావాడు పొమ్మన్నాడట. ఆ తర్వాతే తాత సంసారంతో సహా మలాయా ఓడెక్కాడు. అమ్మకు తన ఊరు సరిగ్గా గుర్తులేదు గాని ఆ కోట గుమ్మం మాత్రం తలుపుకు కొట్టిన మేకులతో సహా గుర్తుంది. చచ్చిపోయేలోగా ఒక్కసారి కోట గుమ్మం దాటి లోపలికి వెళ్ళాలి. అది ఏ దేశపు కోటైనా ఆమెకు ఒకటే.

అందుకని ప్రయాణపు హడావిడి మా వరసలోనూ మొదలైంది. ఫ్రెంచి రాజులకు కానుకగా ఏం పట్టుకెళ్ళాలి? ఆడవాళ్ళంతా మా గుమ్మంలో చేరారు. ఒకావిడ బాటిక్ గుడ్డ అంది, ఇంకొకావిడ జాజికాయలంది. పక్కింటి అత్త అన్నిటినీ కొట్టిపారేసింది.

"రాజులకి పట్టుబట్టలు నేవా, సుగందాలు నేవా? ఆవకాయుంటాదేటి? ఆవకాయ అట్టుకెల్లు లా!"

మలాయివాళ్ళలా చివర "లా" తగిలించి అత్త ఒక మాట అందంటే దానికి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. మామిడికాయలు తెచ్చారు, ఆవపిండి కొట్టారు, కలిపి జాడీకెత్తారు. మూత ఊడి ఓడంతా కారం కంపు కొడితే దొర నిన్ను సముద్రంలో తోసేస్తాడని నాన్న ఏడిపించాడు. అమ్మ మూత మీద గుడ్డ కట్టి, ఆ గుడ్డ మీద ఇంకో గుడ్డ కట్టింది.

ఆ జాడీ సిద్ధమయ్యాకే అసలు సంగతి తెలిసింది. తాము చూడబోయే కోటల్లో ఏ కోట రాజుగారు పెద్దవారని అమ్మ దొరసానిని మలాయి మాటల్లో అడిగిందట. వాళ్ళిద్దరికీ ఉన్న ఉమ్మడి భాష అదే. దొరసాని నవ్వి ఉన్నమాట చెప్పింది.

"రాజులు నేరంట," అంది అమ్మ ఇంటికొచ్చి. "ఎప్పుడో తలకాయలు నరికేసినారంట. కోటలు మాత్రం సుబ్రంగా ఉంచినారంట. టికట్టు కొనుక్కుని సూసుకోడమేనంట."

"సర్కస్ నాగానా?" అన్నాడు నాన్న.

అమ్మ జాడీ మీది గుడ్డ ముడి మళ్ళీ బిగించి, ఇంకో మాట కూడా చెప్పింది. తాము కోటల్లో తిరుగుతుంటే ఆయా పిల్లను ఎత్తుకుని బయట చెట్ల కింద కూర్చోవాలని దొరసాని చెప్పిందట.

"అయితే ఎల్లకు" అన్నాడు నాన్న. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు బడి లేదు. అమ్మ వెంట నేనూ వెళ్ళాను. దొరసాని పటం ముందే ఉంది. అమ్మ నిద్రపోతున్న పిల్లను తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టి, ఎదురుగా నిలబడింది. అమ్మ వాళ్ళ ముందు అలా తలెత్తి నిలబడటం నేను ఎన్నడూ చూడలేదు. నాకు భయం వేసింది.

"ఒక్క కోట," అంది మలాయిలో. "ఒక్క పూట పాపను మీరు ఎత్తుకోండి. నేను లోపలికి వెళ్ళి వస్తాను. అలాగైతేనే వస్తాను."

దొర పేపరు దించాడు. దొరసాని బిత్తరపోయింది. ఒళ్ళో పిల్లను చూసింది, అమ్మను చూసింది. ఆయా దొరక్కపోతే ఓడలో తన గతేమిటని ఆలోచించిందో, నిజంగానే మనసు కరిగిందో నాకు తెలియదు. చివరికి బొమ్మల పుస్తకం అమ్మ వైపు తిప్పి, ఏ కోట కావాలో చూపించమంది. అమ్మ నిదానంగా పేజీలన్నీ తిప్పింది. నీళ్ళ మీద తేలుతున్నట్టుండే కోటలు, బురుజుల కోటలు, పూలతోటల కోటలు. వాటిల్లో వేటినీ లెక్కచెయ్యకుండా అన్నిటికంటే పెద్ద గుమ్మం ఉన్నదాని మీద వేలు పెట్టింది. దొరసాని పటం మీద ఆ ఊరి చుట్టూ సున్నా చుట్టింది. ఆ సున్నాను మళ్ళీ తుడపలేదు.

అమ్మ వెళ్ళింది. నాన్న వండిన మాడు అన్నం తిని మేం బతికాం. అమ్మ మీద నాకున్న కోపం ఆమె తిరిగొచ్చి స్టేషనులో రైలు దిగిన క్షణంలో ఎటు పోయిందో తెలియదు.

వరసంతా మా ఇంట్లోనే కూర్చుంది. ఆవకాయలో సగం ఓడలో చప్పిడి కూడు తినలేక అమ్మే తినేసిందట. మిగిలిన సగం కోట గుమ్మంలో టికెట్లిచ్చే ముసలాయన చేతిలో పెట్టిందట. ఆయన అక్కడే రుచి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. అందరూ పడీపడీ నవ్వారు.

"లోనికి ఎల్లినావా?" అంది పక్కింటి అత్త.

"ఎల్లినాను."

"ఎవులూ ఆపనేదా?"

"నేదు."

"లోన ఏటుందే?"

"ఏటీ నేదు. సల్లటి గదులు. మంచం ఉంది, పడుకున్నోలు నేరు. కుర్సీ ఉంది, కూకున్నోలు నేరు." అమ్మ అత్త చెయ్యి పట్టుకుంది. "దీని కోసరమేటే మా అయ్య పొద్దల్లా నిలబడ్డాడు?"

అని అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చింది. తాత పోయినప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదని నాన్న తర్వాత నాతో అన్నాడు.