అడిగితేనే కదిలే గేదె

పార్కు చెరువు దగ్గర ఆదివారం పొద్దున చేరే రిమోటు బొమ్మపడవల వాళ్ళలో పళ్ళాయనకి నచ్చిన మనిషి ఒక్కడూ లేడు. అయినా ఒక్క ఆదివారం మానేవాడు కాదు. వారమంతా ఆయన కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో, కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, ఎవరెవరివో దవడల అచ్చుల్లో పళ్ళు అమరుస్తుంటాడు. మొహాలు కనపడవు, దవడలే. “మనుషుల్ని చూడాలంటే చెరువు దగ్గరికి పోవాలి. చూశాక దవడలే నయమనిపిస్తుంది,” అనేవాడు భార్యతో.

చెరువులో ఆయన పని వేరు. ఏ పడవైనా నడిమధ్యలో ఆగిపోతే, ముక్కుతో నెట్టుకుంటూ దాన్ని ఒడ్డుకి చేర్చే పడవ ఆయనది. పొట్టిగా, వెడల్పుగా, నల్లగా ఉండేది. అందరూ దాన్ని గేదె అనేవారు. అందులో నెమ్మదిగా తిరిగే పాత మోటారు, ఆ వేగాన్ని ఇంకా తగ్గించి బలం పెంచే గేర్లు, చివర గరిటంత ఇత్తడి ప్రొపెల్లరు రెక్క. బాతులు కూడా దాన్ని దాటిపోయేవి. కానీ గేదె ఏనాడూ ఆగిన పాపాన పోలేదు.

మిగతావాళ్ళు మోటార్లు ఎంచుకునే తీరు చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. డబ్బా మీద ఎంత పెద్ద అంకె ఉంటే అంత గొప్ప మోటారు. అది ఎంత బరువు లాగాలి, ఎంత రెక్కని తిప్పాలి అన్న గొడవ ఎవరికీ పట్టదు. మూరెడు పడవలో మిక్సీ బిగించినట్టు బిగించి, నీళ్ళలో వదిలి, ఆ రొద విని మురిసిపోయేవారు. మందుల షాపాయన పడవ గాల్లోకి లేచి వెల్లకిలా పడేది. రిటైరైన హెడ్మాస్టరుగారిది ఒక చుట్టు తిరిగి సొమ్మసిల్లేది.

పడవ ఆగినవాడు నోరు తెరిచి అడగాలి. అడిగేదాకా పళ్ళాయన ఎటో చూస్తూ కళ్ళజోడు తుడుచుకునేవాడు. “కాస్త గేదెని పంపుతారా?” అన్న మాట చెవిన పడ్డాకే అది కదిలేది. చేర్చాక ఒక చురక ఉచితం: “మోటారు బ్రహ్మాండంగా ఉందండీ. పడవ ఒక్కటే అడ్డం.”

ఆ చురక అందరికంటే ఎక్కువసార్లు తిన్నవాడు ఆయన బావమరిది, టైల్సు షాపు ఓనరు. ఏ మోటారు వెయ్యాలి బావా అని ఒక్కసారైనా అడిగిన మనిషి కాదు. ఒక ఆదివారం వాడు నలుగురినీ వెంటేసుకొచ్చి, బంగారు రంగులో మెరుస్తున్న మోటారొకటి ఆయన చేతిలో పెట్టాడు.

“బావా, అందరం అనుకున్నాం. గేదె మరీ నిదానం. అది వచ్చేలోపు మా పడవలు మునిగిపోతున్నాయి. ఇది రేసు మోటారు, ఖర్చు నాది. నువ్వే బిగించు. అంత వేగం నీ చేతికి లొంగకపోతే రిమోటు నేను పట్టుకుంటాలే.”

ఆ చివరి మాట పళ్ళాయనకి ముల్లులా దిగింది. ఆ రిమోటు చేతిలో లేకపోతే ఆయన చెరువు గట్టున నిలబడ్డ ఎవరో ఒక మనిషి.

“గేర్లో?” అన్నాడు.

“పీకెయ్. బలమంతా అవే మింగేస్తున్నాయి.”

“ప్రొపెల్లరో?”

“అదే ఉంచు. పెద్దదే కదా బావా మంచిది!”

బొటనవేలంత రెక్కని గిరగిరా తిప్పడానికి చేసిన మోటారది. గేర్లు లేకుండా ఆ ఇత్తడి గరిటకి తగిలిస్తే తట్టుకోలేనంత కరెంటు లాగి మాడిపోతుంది. పళ్ళాయనకి అది తన పళ్ళ వరసంత బాగా తెలుసు. నలుగురి వైపూ చూశాడు. ఒక్కడి మొహంలోనూ ప్రశ్న లేదు.

“అలాగే,” అన్నాడు.

ఇంట్లో భార్య ఆశ్చర్యపోయింది. “ఏంటండీ, మా తమ్ముడు చెబితే మారుమాట లేకుండా ఒప్పుకున్నారట? ఒంట్లో బాగానే ఉందా?”

“మాడిపోతుంది. మాడనీ. అందరూ చూస్తారు.”

“మాడేది ఎవరి పడవ?”

“మోటారు వాడిది.”

“పడవ మీదేగా!”

ఆయన స్క్రూడ్రైవరు మీదికి వంగాడు. ప్రొపెల్లరుని తిప్పే షాఫ్టూ మోటారూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే గీతలో నిలబెట్టాడు. తప్పు బిగింపులో ఉందని ఏ వెధవా అనకూడదు.

ఆదివారం మందుల షాపాయన తన పడవని కావాలనే చెరువు మధ్యలో ఆపాడు. గేదె ఒక్క ఉరుకు ఉరికింది. గట్టంతా కేకలు. బావమరిది ఈల వేశాడు. సగం దూరం పోయేసరికి పళ్ళాయనకే అనుమానం వచ్చింది: కొంపదీసి మాడకుండా నిలబడుతుందా? అంతలో రొద కీచుగా మారింది, మూత సందుల్లోంచి పొగ లేచింది. ఆగిన పడవకి జానెడు దూరంలో గేదె కూడా ఆగిపోయింది.

“మోటారు బ్రహ్మాండంగా ఉంది!” పళ్ళాయన పగలబడి నవ్వాడు. కాసేపటికి తెలిసింది, నవ్వుతున్నది తనొక్కడేనని.

హెడ్మాస్టరుగారు మెల్లగా అడిగారు: “సరే, ఇప్పుడు దీన్నెవరు తెస్తారు?”

ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు. పళ్ళాయనకీ తట్టలేదు. పురికొసకి బంతి కట్టి విసిరారు. అది తుంగలో చిక్కుకుంది. పొగ చిక్కబడుతోంది. ఆయన చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగాడు. నడుము దాకా మునిగి, ఒక చంకలో గేదె, ఇంకో చంకలో మందుల షాపు పడవ పెట్టుకుని తిరిగొస్తుంటే, ఒడ్డు ఇంకో అడుగుందనగా బురద కాలిని మోకాలి దాకా మింగింది.

బావమరిది ఎదురుగానే ఉన్నాడు. జేబురుమాలు తీసి చలవ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

“చూస్తావేంరా?”

“అడుగు బావా. పద్ధతి నీదేగా.”

“మోటారు కొనేముందు నువ్వు అడిగావా?”

“బిగించేముందు నువ్వు చెప్పావా?”

గేదెలోంచి నల్లటి నీళ్ళు ఆయన చొక్కా మీదికి కారాయి. కాలు ఇంకాస్త దిగింది.

“చెయ్యి ఇవ్వరా,” అన్నాడు పళ్ళాయన.

వాడు ఇచ్చాడు. గట్టెక్కాక ఆయన మూత తీసి చూశాడు. తీగలు కరిగి ముద్దైపోయాయి, అడుగు నల్లగా మాడింది. “పాత మోటారూ గేర్లూ ఇంట్లోనే ఉన్నాయి. బిగించుకొస్తాను,” అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా.

“ఎవరడిగారు బావా?”

గట్టంతా గొల్లుమంది. పళ్ళాయన గేదెని చంకన పెట్టుకుని తడిబట్టలతోనే ఇంటిదారి పట్టాడు.

నిజంగానే ఎవరూ అడగలేదు. ఆ వారం దవడలు పక్కకి జరిపి, మాడిన చోటు గీకి, పాత మోటారూ గేర్లూ పాత చోటే బిగించాడు. ఆదివారం తీసుకెళ్ళాడు. రమ్మన్నవాడూ లేడు, పొమ్మన్నవాడూ లేడు. బావమరిది కొత్త మోటారుతో దిగాడు, ముందరిదానికంటే పెద్దది. అది చెరువు మధ్యదాకా పోయి చల్లబడింది. వాడు గొంతు సవరించుకునేలోపే గేదె బయల్దేరింది.

పడవ ఒడ్డుకి చేరాక పళ్ళాయన దాన్ని తిరగేసి చూశాడు. “మోటారు బ్రహ్మాండంగా ఉంది. పడవ ఒక్కటే అడ్డం. ముందు రెక్క ఎంతో చూసుకుని, దానికి తగ్గ మోటారు కొనాలిరా గాడిదా. ఇంత పడవకి...”

“ఎవరడిగారు బావా?” అన్నాడు వాడు. కానీ అక్కణ్ణుంచి కదల్లేదు.