ఆ రక్తంలో ఏం కనబడింది?

వైరల్ జ్వరాల తర్వాత కొందరికి రక్తం ఎందుకు గడ్డకడుతుందో తెలుసుకునే పరిశోధనలో అప్పుడు నేను డాక్టర్ని. ఆ రోజంతా వార్డుల్లో రక్తం సేకరించి, లండన్‌లో హౌన్‌స్లో వైపు వెళ్లే ట్యూబ్ రైల్లో కునుకుతున్నాను. పక్కసీటులో ఉన్న పెద్దావిడ నా మెడలోని బ్యాడ్జి మీద నా పేరూ, స్టడీ పేరూ చదివి తెలుగులో పలకరించింది.

"మా ఆయనకీ ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందమ్మా. పరిశోధనకని నాలుగుసార్లు రక్తం తీసుకున్నారు. ఆయన పోయారు. అందులో ఏం కనబడిందో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు."

"రికార్డుల్లో పేర్లుండవు ఆంటీ, నంబర్లే ఉంటాయి," అన్నాను.

"రక్తం కావాల్సినప్పుడు ఇంటికి ఫోన్ చేసి పిలిచారుగా?" అలసిన గొంతుతో అడిగింది.

ఆవిడ దిగుతూ, జారిపోతున్న నా స్కార్ఫ్ సర్ది వెళ్లింది.

రెండేళ్లకు మా స్టడీ ముగిసింది. పెద్దగా ఏమీ తేలలేదు. ఆ మాటే రాసి, రక్తమిచ్చిన ప్రతి ఇంటికీ ఉత్తరం పంపాను.