కోటమ్మ గోడకాయితానికి ఏ బంక

రేపల్లెలో ఒక పుకారుంది. అది నిజమని చెప్పినవాడు ఇంతవరకూ లేడు, అబద్ధమని కొట్టిపారేసినవాడూ లేడు. అరవైతొమ్మిది తుఫాను వెళ్ళిపోయాక కోటమ్మ ఇంట్లో ఒక బంక కాచిందట. ఆ గిన్నె అంచున మూతి పెట్టిన పిల్లి అక్కడే అతుక్కుపోయిందట. దాన్ని ఊడదీయడానికి తెనాలి నించి వడ్రంగిని రైలెక్కించి తెచ్చారట. పిల్లి రంగేంటని అడిగితే ఒకడు నలుపంటాడు, ఇంకోడు చారలంటాడు. వడ్రంగి పేరు మాత్రం ఎవరికీ తెలీదు. సరే, పిల్లి సంగతి దేవుడెరుగు. బంక సంగతి మాత్రం ఊరంతా ఎరుగుదుం.

కోటమ్మది చీరాల. మగ్గాల చప్పుడులో పుట్టిన పిల్ల కాబట్టి గొంతు చిన్నగా పెట్టి మాట్లాడ్డం రాదు. ఆవిడ నోరు విప్పితే రేపల్లె స్టేషన్లో ఇంజను కూత కూడా సగంలో ఆపేసుకునేదంటారు. మొగుడు రామకోటి సైకిలు వెనక చీరల మూట కట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి అమ్మేవాడు. నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదంటే, దోమ కుడితే అది కడుపునిండా తాగి లేచిందాకా ఆగేవాడు.

ఆ రామకోటికి అన్నగారొకడు, రంగనాయకులు. బట్టల వ్యాపారం. గంగాళంలో తలపెట్టి మాట్లాడుతున్నట్టుండేది ఆయన గొంతు. అరవైఒకటిలో అన్నదమ్ములిద్దరూ ఇల్లు పంచుకున్నారు. అన్నీ తేలాయి గానీ వీధిగది దగ్గర ముడి పడింది. ఆయనకి బట్టల బేళ్ళు పెట్టుకోడానికి అది కావాలి. కోటమ్మ అప్పటికే అందులో కుట్టుమిషను వేసుకుని కూర్చుంది. ఆడవాళ్ళు అరుగెక్కి జాకెట్టు గుడ్డ ఇవ్వడం, పనిలో పనిగా రామకోటి మూటలోంచి ఒక చీర లాక్కుని చూడ్డం, అదీ ఆ ఇంటి బతుకు. ఆ గది పోతే మిషను వంటింటి వెనక చీకటి కొట్లో పెట్టుకోవాలి. అక్కడికి బొద్దింకలు తప్ప ఎవరూ రారు.

ఆ ఏడే రామకోటి మద్రాసు వెళ్ళినప్పుడు ఒక పిచ్చి పని చేసొచ్చాడు. నాటకాల సెట్లు కట్టేవాళ్ళ దగ్గర మిగిలిపోయిన గోడకాయితం చుట్టలు తెచ్చాడు. మీగడ రంగు మీద నీలం తీగలు, తీగలకి పూలు. దాన్ని వీధిగది గోడ పొడుగునా అంటించాడు. అలాంటిది రేపల్లెలోనే కాదు, ఢిల్లీలో కూడా లేదని కోటమ్మ అనేది. జనం వరసలో నిలబడి చూసిపోయారు.

పంపకాలకి పెద్దమనిషిగా కూర్చున్న సుందరయ్య ముందు రంగనాయకులు ఆ గోడ చూసి పకపకా నవ్వాడు. "గోడకి చొక్కా తొడిగాడండీ మా తమ్ముడు. సరే పొండి. ఆ కాయితం గోడ మీద ఉన్నన్నాళ్ళూ ఈ గది వాళ్ళదే. చిరిగి ఊడిన రోజున సున్నం కొట్టించి నా బేళ్ళు దించుకుంటా." తొలకరి జల్లుకే ఊడి కిందపడుతుందని ఆయన లెక్క.

తలుపు చాటు నించి కోటమ్మ అంది. "అలాగే బావగారూ. సుందరయ్య బాబాయిగారూ, మీరు విన్నారుగా. నాకదే చాలు."

తొలకరి వచ్చింది, పోయింది. ఏళ్ళు గడిచాయి. కాయితం అలాగే ఉంది. రంగనాయకులు రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కిటికీలోంచి ఆ గోడ చూసేవాడు. ఆయన పళ్ళు అరిగాయి గానీ కాయితం అరగలేదు.

అప్పుడొచ్చింది తుఫాను. ఆ గాలికి రేపల్లె కొబ్బరికాయలు నిజాంపట్నంలో దొరికాయంటారు, నిజాంపట్నం చేపలు రేపల్లె బావుల్లో దొరికాయంటారు. కోటమ్మ గదిలో పెంకులు లేచి గోడమ్మట నీళ్ళు దిగాయి. తెల్లారి చూస్తే, గోడ మధ్యలో జాకెట్టు ముక్కంత కాయితం చిరిగి నాలిక బయటపెట్టినట్టు వేలాడుతోంది.

రంగనాయకులు అప్పటికి బాపట్లలో వియ్యాలవారింట్లో ఉన్నాడు. దారంతా చెట్లు పడి బస్సులు ఆగిపోయాయి. బస్సు కదిలిన రోజు ఆయన వస్తాడు. వచ్చిన రోజు గోడ చూస్తాడు.

రామకోటి వేలాడే కాయితాన్ని చూసి నిట్టూర్చాడు. "పోనీలేవే, ఇచ్చేద్దాం. వెనక కొట్లో చల్లగా కూడా ఉంటుంది."

"చల్లగా ఉంటుందని నిన్ను బావిలో దింపనా?" అంది కోటమ్మ. "ఈ గది వదిలేది లేదు. అంటించడమే."

ఊడిన ముక్కని మెల్లిగా తీసి పరుపు కింద ఆరబెట్టింది. ట్రంకుపెట్టె అడుగున పాత చుట్టలో మిగిలిన పీలిక ఒకటుంది. ఏ బంకైనా ముందు ఆ పీలిక మీదే చూడాలనుకుంది. అసలు ముక్క ఒక్కటే, అది పాడైతే ఇంకేమీ లేదు.

"ఉత్తరాలకి మెతుకులేగా పూస్తాం, అవే పూద్దాం," అన్నాడు రామకోటి. పీలికకి పూసి గోడ మీద అంటించి చూశారు. మెతుకు మెతుకూ కాయితం కింద పొక్కులా లేచింది.

"గోడకి అమ్మవారు పోసినట్టుందయ్యా," అంది కోటమ్మ.

ఈలోగా పక్కింటి అంకమ్మ వచ్చేసింది. పొయ్యి మీద పప్పు మాడిపోయినా సరే, గోడవతల ఏం జరుగుతుందో తెలుసుకోవాల్సిన మనిషి. కొంగులో తుమ్మబంక గడ్డలు తెచ్చింది. "నీళ్ళలో నానేసి పుయ్యి వదినా. మా ఆయన పంచాంగం అట్టలు దీంతోనే అతికిస్తాడు." అంటుకోవడం బాగానే అంటుకుంది. పొద్దెక్కేసరికి టీ ఒలికినట్టు మరక తేలింది.

"మీ ఆయన పంచాంగం అట్ట ఎవరు చూస్తారు వదినా? ఈ గోడని మా బావగారు చూస్తారు," అని కోటమ్మ పీలికలో మరక పడ్డ చివర కత్తిరించి అవతల పారేసింది.

సినిమా బొమ్మలు గోడలకి అంటించే యాకోబు బాల్చీతో అటే పోతున్నాడు. పిలిచింది. వాడి బంక మైదాపిండితో కాచింది, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తాడు.

"నేనంటించిన బొమ్మ చూడక్కా. తుఫానుకి హాలు కప్పు లేచిపోయింది గానీ బొమ్మ కదల్లేదు," అన్నాడు యాకోబు.

పీలిక మీద పూసింది. మీగడ రంగు కాస్తా ఆకుపచ్చకి తిరిగింది.

"ఏంటి తమ్ముడూ ఇది, నాచు పట్టినట్టుంది?"

"అది తుత్తం రంగక్కా. నలుగురూ చూసేది బొమ్మని. బంకనెవరు చూస్తారు?"

"మా బావగారికి బొమ్మ అక్కర్లేదు తమ్ముడూ. బంకే కావాలి. తుత్తం లేకుండా కాచివ్వు."

"అప్పుడు బొద్దింకలు పండగ చేసుకుంటాయక్కా," అని వాడు బాల్చీ ఎత్తుకున్నాడు.

తుఫానుకి ఆగిన తెనాలి రైలు మళ్ళీ కదిలిందని తెలియగానే కోటమ్మ పీలికని చేతిసంచిలో పెట్టుకుని ఎక్కేసింది. తెనాలిలో రంగులూ మేకులూ అమ్మే శ్రీనివాసరావు కొట్టు ముందు నిలబడి, గోడకాయితం అతికే బంక ఏదుందో అన్నీ తియ్యమంది. అతను ముందు వజ్రం బంక తీశాడు. వడ్రంగులు వాడేది, తోళ్ళూ ఎముకలూ ఉడికించి చేసిన ముక్కలు. కోటమ్మ వాసన చూసి మొహం తిప్పుకుంది.

"కాచినప్పుడే అమ్మా ఆ వాసన. తర్వాత తెలీదు."

"మీకు తెలీదేమో అన్నయ్యగారూ. మా బావగారిది అలాంటిలాంటి ముక్కు కాదు. పక్కవీధిలో ఇంగువ తిరగమోత వేస్తే ఏ కొట్లో కొన్నారో చెబుతాడు."

అప్పుడతను గొప్పగా ఒక డబ్బా మూత తీశాడు. బొంబాయి నించి కొత్తగా వచ్చిందట, పాలలా ఉంటుంది, ఆరితే రాయే. అక్కడే పీలిక చివర రాసి, బజారంతా ఒక చుట్టు తిరిగొచ్చి చూసింది. అతుకు పక్కన నత్త పాకినట్టు మెరుస్తోంది.

శ్రీనివాసరావుకి విసుగొచ్చింది. "కాయితానికింత బాధెందుకమ్మా? పీకేసి సుబ్బరంగా సున్నం కొట్టించుకోండి."

"ఆ మాట అనడానికి మా ఇంట్లోనే ఒకాయనున్నాడు అన్నయ్యగారూ. మీరు కూడా ఎందుకు?" అని సంచి భుజానేసుకుని స్టేషనుకి నడిచింది.

రైల్లో కూర్చున్నంతసేపూ మొహం అగ్గిలా ఉందంటారు. ఎదురుగా కూర్చున్నాయన బీడీ దాంతోనే ముట్టించుకున్నాడని కూడా అంటారు. ఊరివాళ్ళ బంకలయ్యాయి, వ్యాపారస్తుల బంకలయ్యాయి. ఇంక ఎవరినీ అడిగేది లేదనుకుంది. చీరాల్లో వాళ్ళ నాన్న రామబ్రహ్మం ముతక నూలుకి చింతపిక్కల పిండితో గంజి పెట్టేవాడు. దారం తెగేది కాదు, రంగు మారేది కాదు. అది గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి చింతపిక్కలు ఇసకలో వేయించింది. పొట్టు తీసి, నానేసి, రుబ్బురోట్లో రుబ్బి, పాత పంచెలో వడకట్టి కాచింది. పీలిక మీద పూస్తే మరక లేదు, మెరుపు లేదు, వాసన లేదు. రామకోటి గిన్నెలోకి తొంగిచూసి "బాగుందే," అన్నాడు. ఆ ఇంట్లో ఆయన ధైర్యంగా అన్న మాట అదొక్కటే.

ఇక్కడే కోటమ్మ పప్పులో కాలేసింది. కాయితం ఊడిన చోట గోడ నల్లగా, చెమ్మగా ఉంది. మన ఊళ్ళలో గోడ శుభ్రం చెయ్యడమంటే సున్నం వెయ్యడమే, చేతికి ఇంకోటి తట్టదు. ఆవిడా అదే చేసింది. మురికి కనపడకుండా సున్నం పూసి, ఆరాక గంజి రాసి, అసలు ముక్కని అంటించింది. చక్కగా కూర్చుంది. రామకోటి కంచం ముందు కూర్చున్నాడో లేదో, అది జర్రున జారి కింద పడింది. తిప్పి చూస్తే వీపంతా పౌడరు కొట్టుకున్నట్టు తెలుపు. గంజి సున్నాన్ని పట్టుకుంది గానీ, సున్నం గోడని పట్టుకోలేదు.

అంకమ్మ గుమ్మంలోనే ఉంది. "మీ చీరాల గంజి చీరలకేగానీ గోడలకి పనికిరాదేమో వదినా. అన్నట్టు బాపట్ల బస్సు మొదలైంది. మీ బావగారు మధ్యాహ్నానికి దిగుతారు." ఈ కబురు తనకెలా తెలిసిందో అంకమ్మ చెప్పలేదు. పొద్దున్నే ఆ బస్సు కండక్టరుకి కాయితం ఊడిన సంగతి చెప్పి పంపింది కూడా తనేనని ఊరు ఊరంతా అంటుంది.

రామకోటి మిషను వైపు చూశాడు. "మోసుకెళ్ళమంటావా వెనక్కి?"

"దాని మీద చెయ్యేశావంటే ఆ చెయ్యి కూడా కుట్టేస్తా," అంది కోటమ్మ.

ముక్కని ఒళ్ళో బోర్లా వేసుకుని, తడిగుడ్డతో వీపు మీద సున్నం అద్దుతూ ఆలోచించింది. మగ్గం మీదకెక్కే పడుగు దారాలకి ఎవరూ ఒకేసారి చిక్కటి గంజి పట్టించరు. ముందు పల్చటి గంజి తాగిస్తారు, ఆరనిస్తారు. నూగు అణిగాకే చిక్కటిది. తను గోడకి తాగించకుండానే తినిపించింది.

లేచి కొబ్బరిచిప్ప తీసుకుని సున్నం గోకడం మొదలెట్టింది. ఇవాళేసింది గోకింది, దానికింద తాతలనాటిదీ గోకింది. గోడ ఇటుకదాకా పోయిందని కొందరంటారు, అది అతి. గట్టి గోడ తగిలాక గంజిలో నీళ్ళు కలిపి పల్చన చేసి తాగించింది. కుంపట్లో నిప్పులేసి గోడ ముందు పెట్టి ఆరబెట్టింది. మళ్ళీ తాగించింది. ఆరాక చిక్కటిది రాసి, ముక్క పెట్టి, తీగకి తీగ కలిపి, పుట్టింటి నించి తెచ్చుకున్న పడుగు కుంచెతో మధ్య నించి అంచులకి దువ్వింది. చీర మడత పెట్టినంత ఒద్దికగా కూర్చుంది అతుకు. కుంపటి తీసేసి, మిషను ముందు కూర్చుని, ఎవరిదో జాకెట్టు కుట్టడం మొదలెట్టింది.

రంగనాయకులు ఒక్కడే రాలేదు. బస్టాండు నించి తిన్నగా వెళ్ళి సుందరయ్యని వెంటబెట్టుకొచ్చాడు. వీధిలో సగం మంది వెనకే వచ్చారు.

"కాయితం ఊడిందటగా అమ్మాయ్?"

"ఎవరన్నారు బావగారూ?"

"ఎవరో అన్నార్లే. మాటంటే మాటే. గది ఖాళీ చెయ్యి."

కోటమ్మ మిషను ఆపలేదు. "మాటంటే మాటేనండి. ఎక్కడ ఊడిందో వేలు పెట్టి చూపించండి. ఈ క్షణం మిషను నేనే మోసుకుపోతా. చూపించలేకపోతే మళ్ళీ ఈ గది ఊసెత్తద్దు. సుందరయ్య బాబాయిగారూ, మీరు కూర్చోండి."

రంగనాయకులు చెప్పులు విడిచి గోడ దగ్గరికెళ్ళాడు. అరచేత్తో తడిమాడు. వేలు మడిచి కొట్టి చూశాడు. ముక్కు ఆనించి వాసన పీల్చాడు. ఈ చివర నించి ఆ చివరకి ఆయన గోడని వాసన చూస్తూ పోతుంటే, గుమ్మంలో యాకోబు కండువా నోట్లో కుక్కుకున్నాడు. కోటమ్మ కాలు మిషను మీద ఆడుతూనే ఉంది. సూదిలో దారం తెగిపోయి ఎంతసేపైందో ఆవిడకే తెలీదు.

కిటికీ పక్కన ఒకచోట తీగ తీగకి కలవకుండా పక్కకి జరిగి ఉంది. రంగనాయకులు అక్కడ వేలు పెట్టాడు. "ఇదుగో. ఇక్కడే అతికించింది. అందరూ చూడండి."

సుందరయ్య కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. తీరిగ్గా మళ్ళీ కూర్చున్నాడు. "అది మీ తమ్ముడు అంటించిన రోజు నించీ వంకరేనయ్యా రంగనాయకులూ. అప్పుడు నువ్వూ నేనూ దాన్ని చూసే నవ్వాం."

రంగనాయకులు అంకమ్మ వైపు చూశాడు. అంకమ్మకి పొయ్యి మీద పప్పు గుర్తొచ్చింది. ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచాడు. తర్వాత పళ్ళు తోముకోడానికి పెరట్లోకి పోవడం అలవాటు చేసుకున్నాడు.

మిషను ఆ గదిలోనే ఉంది. డెబ్భైఆరులో ఒకనాడు జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన కుమారి, గోడని కళ్ళార్పకుండా చూస్తూ అడిగింది. "అతికించిన ఆ ముక్క ఎక్కడుంది పిన్నీ? ఇప్పటికైనా చెప్పు. మీ బావగారు కూడా పెద్దాయన అయిపోయారుగా."

కోటమ్మ టేపు మెడలో వేసుకుని పైనించి కిందకి చూసింది. "ఏ ముక్కే? తుఫానుకి నా గోడ మీద ఒక్క చుక్క పడలేదు. తెనాలి నేను వెళ్ళనే లేదు. యాకోబుని నేను పిలవలేదు. అంకమ్మ చెప్పేవన్నీ కల్లబొల్లి మాటలు."

"మరి చింతపిక్కలు రుబ్బావటగా?"

"చింతపిక్కలేంటి, మా ఇంట్లో అసలు చింతపండే వాడం. చెయ్యెత్తు, చంక కొలవాలి."