బట్టమేకను చూడటానికి

డిసెంబరు సెలవుల్లో రాజస్థాన్ ఎడారిలోని జాతీయ పార్కుకు పోదామని మా అమ్మాయి అనుకుంది. "నువ్వూ రా నాయనా" అంది. చిన్నప్పుడు నా చేతి దెబ్బలు తిని, పెద్దయ్యాక నాతో అవసరానికి మించి మాట్లాడని పిల్ల. ఈ ప్రయాణంతోనైనా మళ్లీ దగ్గరవుతుందేమోనని ఆశపడ్డాను. ఎక్కడ చెడగొడతానోనని నోరు అదుపులో పెట్టుకున్నాను.

మార్కాపురంలో మా ఇంటి వరండాలో కూర్చుని ఫోనులో అన్నీ చూపించింది. రైలు ఎక్కడ మారాలో, జీపు ఎక్కడ దొరుకుతుందో, పొద్దుటి చలికి ఏమేం కట్టుకుపోవాలో. అక్కడ చూడాల్సింది బట్టమేక పిట్టనట, దేశం మొత్తం మీద కొన్నే మిగిలాయట. పక్కన ఆకువక్క దంచుకుంటున్న మా అమ్మ ఆ మాట విని, "ఏందే, దొడ్లో ఇన్ని మేకలు పెట్టుకోని, ఇంకో మేకను చూడను అంత దూరం పోవాల్నా?" అంది. పడీపడీ నవ్వాం.

ఆ నవ్వులోనే అమ్మాయి ఫోనులో ఆ పిట్ట బొమ్మ నా ముందు పెట్టింది. పొడుగాటి తెల్ల మెడ, నెత్తిన నల్లటి టోపీ. "మన పక్క కూడా ఉండేవంట. నువ్వెప్పుడన్నా చూసినావా?"

లేదంటే సరిపోయేది. నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక!

"చూసినా. చంపినా" అన్నాను.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. దొనకొండ దగ్గర ఒకప్పుడు విమానాలు దిగిన పాత మైదానంలో గొర్రెలు మేపుతూ కునుకు తీశాను. ఆ కాసేపట్లో ఊరకుక్కలు ఒక గొర్రెపిల్లను చీల్చేశాయి. మా నాయన వచ్చి నన్ను ఆ నెత్తుట్లోనే పడేసి పలుపుతాడుతో బాదాడు. వీపు చిట్లింది. ఏడ్చినకొద్దీ ఇంకా బాదాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూసి వెళ్లిపోయారు. ఆయన్ను చంపాలనిపించింది. ఆ బలం నాకెక్కడిది?

అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, కర్ర పట్టుకుని గడ్డిలోకి పోయాను. అక్కడ ఆ పిట్ట కూర్చుని ఉంది. లేవలేదు. రెక్కలు విప్పి నా మీదికి బుస కొట్టింది. మొదటి దెబ్బకు రెక్క విరిగింది. తర్వాత మెడ మీద కొట్టాను. చచ్చాక కూడా, చేతులు లాగేదాకా కొట్టాను. కింద ఒకటే గుడ్డు ఉంది. మడమతో తొక్కేశాను. అబద్ధమెందుకు, హాయిగా అనిపించింది.

సాయంత్రం ఇంట్లో అదే కూర. "మొగోడివిరా!" అని మా నాయన పెద్ద ముక్క నా కంచంలో వేశాడు. మెచ్చుకోవడం అదే మొదలు. తృప్తిగా తిన్నాను.

ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. మా అమ్మ దంచడం ఆపి, "అయ్యన్నీ ఇప్పుడెందుకురా బిడ్డ ముందర" అని కసిరింది.

అమ్మాయి నన్నే చూస్తూ ఉంది. "మీ నాయన మీది కోపం పిట్ట మీద తీర్చుకున్నావు. మరి నన్ను కొట్టినప్పుడు ఎవరి మీద కోపం?"

నిజంగానే ఆలోచించాను. పలకల ఫ్యాక్టరీలో యజమాని అందరి ముందూ తిట్టిన రోజు గుర్తొచ్చింది. బోరు ఎండిపోయిన రోజు గుర్తొచ్చింది. ఆ పిల్ల చేసిన తప్పు ఒక్కటీ గుర్తురాలేదు. సిగ్గుతో తల వంచుకున్నాను.

"నీ మీద కాదమ్మా" అన్నాను.

"నా మీద కాదులే నాయనా" అంది. "తగిలింది మాత్రం నాకే."