చేతిలో అట్ట లేని కోచ్

మా ఆయన వాళ్ల మేనేజరు అమెరికా మనిషి. శనివారం సాయంత్రం తన పాత కాలేజీ జట్టు ఆట చూస్తాడు, ఆదివారం పొద్దున పనిచేసే సైట్‌లో దాని గురించే మాట్లాడతాడు. ఆ మాటలకు బదులు చెప్పాలి కదా అని మా ఆయన కూడా చూడటం మొదలుపెట్టాడు. అలా రియాద్‌లో, మలాజ్ పేటలోని మా రెండు గదుల ఇంట్లోకి ఆ పచ్చటి మైదానం వచ్చింది.

అది పాప నిద్రపోయే వేళ. అందుకే శబ్దం తీసేసి చూసేవాళ్లం. బయట ఇషా అజాన్, లోపల ఏసీ హోరు, తెరమీద ఎక్కడిదో మధ్యాహ్నపు ఎండ. పేరుకు ఫుట్‌బాలే గాని కోలగా ఉన్న బంతిని చేత పట్టుకుని పరుగెత్తుతారు. కాసేపు కలబడతారు, ఆగుతారు. తర్వాత ఎవరు ఎటు పరుగెత్తాలో గీత అవతలి నుంచి కబురు వస్తుంది. మేనేజరు జట్టులో, బంతి తమ చేతిలో ఉన్నంతసేపూ ఆ కబురు పంపేది హెడ్ కోచే. చేతిలో హోటల్ మెనూ అంత అట్ట, దాని నిండా రంగురంగుల గళ్లలో రాసిన ఎత్తులు. దాన్ని నోటికి అడ్డం పెట్టుకుని మైకులో చెబుతాడు. నిద్రమత్తులో నాకు ఆయన ఎవరికో జోల పాడుతున్నట్టే ఉండేది.

జట్టు వరసగా ఓడుతోంది. ఆ కబురు పంపే పని హెడ్ కోచ్ తన కింది కోచ్‌కు అప్పగించాలా వద్దా అన్నదే మేనేజరు బాధ.

"ఇచ్చేస్తే అయిపాయె గదనే," అన్నాడు మా ఆయన. "టీమంత చూస్కోవాల్నా, గా అట్ట చూస్కోవాల్నా?"

"ఆ ఆట నేర్పిందే ఆయన. వేరేటోళ్లకేం ఎరుక?"

"నువ్వు ఆయన దిక్కే మాట్లాడ్తవు తీ. ఫ్రిజ్ మీద నీ అట్ట లేదా?"

ఉంది. పదకొండు నెలల పాపకు పాలెప్పుడు, అన్నమెప్పుడు, ఏ పక్కకు పడుకోబెట్టాలి, ఒళ్లు వెచ్చబడితే ఏం చూడాలి, అన్నీ మూడు రంగుల్లో రాసి అంటించాను. పెరుగు ప్యాకెట్ కోసం కింద బకాలా కొట్టుకు వెళ్లినా, మెట్లు దిగుతూ ఫోన్‌లో అది చదివి వినిపించేదాన్ని.

ఆ రోజు ఒకటి గమనించాను. బంతి అవతలి జట్టు చేతిలో ఉన్నప్పుడు కోచ్ బెంచీ మీద కూర్చుని అట్టలో తల దూర్చాడు. స్టేడియమంతా లేచి నిలబడింది. ఆయన తలెత్తి పక్కవాణ్ణి ఏదో అడిగాడు. ఏమైందని అడిగినట్టుంది.

ఆ వారమే నాకు బడిలో టీచర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఉద్యోగం రియాద్‌లోనే, ఇంటర్వ్యూ మాత్రం జెద్దాలో. శనివారం తెల్లవారుజామున వెళ్లి రాత్రికి రావాలి. పాప పుట్టాక ఒక పూట కూడా విడిచి ఉండలేదు. అట్టకు రెండోవైపు కూడా రాశాను.

జెద్దాలో దిగగానే ఫోన్ చేశాను. తొమ్మిదింటికి చేశాను. పదిన్నరకు మళ్లీ చేశాను. వెనక పాప ఏడుపు.

"అన్నం పెట్టినవా? నీళ్లు కాచి చల్లార్చినవేనా?"

"పండుకున్నదే ఇప్పుడిప్పుడే. నీ ఫోన్ మోగి లేచింది. రెండోపారి ఇది."

ఫోన్ చెవి నుంచి దించి, పొద్దుట్నించి ఎన్నిసార్లు చేశానో చూసుకున్నాను.

"ఏమంటవు?"

"ఏం లేదు. పెట్టేస్తున్న."

ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లేముందు ఫోన్ ఆపేశాను. బయటికి వచ్చాక తెరిచాను గాని, చేయలేదు. సాయంత్రం విమానం కోసం కూర్చుని, చేతులు ఊరికే ఉండక ఫోన్‌లో ఆట పెట్టుకున్నాను. కోచ్ చేతిలో అట్ట లేదు. అది పక్కనున్న కుర్రకోచ్ దగ్గరుంది. పెద్దాయన చేతులు జేబులో పెట్టాడు, తీశాడు, కట్టుకున్నాడు. ఒకసారి నోటికి అడ్డం పెట్టుకోబోయి, చెయ్యి ఖాళీ అని తెలిసి దించేశాడు. కాసేపటికి కుంటుతూ వచ్చిన ఆటగాడి దగ్గరికి నడిచి వెళ్లి, వాడి మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. విమానానికి పిలిచేదాకా నేను ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను.

ఇంటికి వచ్చేసరికి టీవీ ఎవరూ చూడకుండానే వెలుగుతోంది. తిరగేసి తొడిగిన చొక్కాతో పాప, వాళ్ల నాన్న ఛాతీ మీద బోర్లా నిద్రపోతోంది. అలా పడుకోబెట్టకూడదని అట్ట మీద ఎర్రరంగులో రాసి ఉంది.

"ఎవలు గెలిచిండ్రు?" అన్నాను మెల్లగా.

"నాకేం ఎరుక? మేమిద్దరం ఎప్పుడో పండుకున్నం." కళ్లు తెరవకుండానే అన్నాడు. "చెవి రాస్తే నిద్రపోతది తెల్సా? గీడ, కింద."

నాకు తెలియదు. నా అట్ట మీద లేదు.

ఉద్యోగం వచ్చింది. రేపటి నుంచి బడికి వెళ్లాలి. ఇది రాస్తుంటే లోపల పాప కదిలి ఏడ్చింది. సగం లేచాను. ఆయన అడుగుల చప్పుడు వినిపించి మళ్లీ కూర్చున్నాను. ఏడుపు ఇంకా ఆగలేదు. ఆయన కుడిచెవి రాస్తున్నాడో, ఎడమచెవో. అడగాలని ఉంది. పెన్ను గట్టిగా పట్టుకున్నాను.