నున్నగా గీసిన కాలు

మా ఆయనకి ఎవరి తల చూసినా ఏదో ఒక వంక కనబడుతుంది. ఒకడికి చెవి పక్కన ఎక్కువ కోసేశారంటారు, ఇంకొకడికి మెడ మీద గీత వంకర పోయిందంటారు. తన కాలు మాత్రం ఆయనకి కనబడదు. పొద్దున్న సెలూన్లో నిలబడితే షట్టర్ దించేదాకా నిలబడే ఉంటారు. కస్టమర్ కూర్చున్న కుర్చీ పైకి లేవాలంటే కింద పెడల్ తొక్కాలి. దాన్ని ఎప్పుడూ కుడికాలితోనే తొక్కుతారు. అలా తొక్కీ తొక్కీ అరికాల్లో బొటనవేలి కింద ఆనెకాయ లేచింది, చీలమండ వాచింది. పైగా షుగరు.

"డాక్టరుకి చూపించండి మహాప్రభో" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "ఒక్కరోజు షాపు మూసి ఇంట్లో కూర్చోండి, ఆ తాళంచెవి ఇలా ఇవ్వండి" అంటే, "నిలబడలేని రోజున నేనే తెచ్చి నీ చేతిలో పెడతాలే" అనేవారు. ఆ సెలూన్లో ఆయన కత్తెర తప్ప ఇంకో కత్తెర లేదు. ఆయన నిలబడితేనే షాపు. షాపు ఉంటేనే ఆయన మనిషిలా ఉంటారు. ఆ సంగతి తెలుసు కాబట్టే నా భయమంతా.

మెట్లెక్కడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చాక గానీ దారికి రాలేదు. పాదాలు మాత్రమే చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉందని పక్కింటి వదిన చెప్పింది. అపాయింట్‌మెంట్ కోసం అక్కడి రిసెప్షన్ పిల్లని ఎంత బతిమాలానో నాకే తెలుసు. తీరా ఆ రోజు పొద్దున్న నేను తయారై వచ్చి చూద్దును కదా, ఈయన బాత్రూం గుమ్మంలో పీట వేసుకుని, కాలికి సబ్బు నురగ పట్టించి, గడ్డం గీసే కత్తితో ఆనెకాయ గీసేస్తున్నారు!

"అయ్యో అయ్యో, ఏంటండీ ఆ పని!"

"మరి? ఆ మొద్దు కాలు తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టమంటావా? పరువుండద్దూ?"

గోళ్లు కత్తిరించుకున్నారు. పాదానికి నూనె రాసుకున్నారు. పెళ్లిళ్లకి తప్ప తీయని బూట్లు తీసి, వాచిన కాలిని అందులో దూర్చారు.

"బిగుతుగా లేవూ?" అన్నాను.

"అబ్బే, హాయిగా ఉన్నాయి."

ఆ మాట నేను పట్టించుకోలేదు. బయల్దేరారు, అదే పదివేలనుకున్నాను.

క్లినిక్‌లో గంటలకి గంటలు కూర్చోబెట్టారు. గోడ మీద రంగురంగుల పాదం బొమ్మ తప్ప చూడ్డానికి ఏమీ లేదు. మా తర్వాత వచ్చినవాళ్లు కూడా మాకంటే ముందు లోపలికెళ్లారు. నేను అడగబోతే, "ఊరుకోవే, గొడవెందుకు" అని ఈయన నా చెయ్యి నొక్కారు. చివరికి పిలిచారు.

"ఏంటండీ ఇబ్బంది?" అంది డాక్టరమ్మ.

"చీలమండ నొప్పండీ. ఆనెకాయ కూడా ఉండేది. పొద్దున్నే తీసేశాను" అన్నారు మా ఆయన, అదేదో ఘనకార్యం చేసినట్టు.

"నేను చూడాల్సింది అదేనండీ. బరువు ఎక్కడ పడుతోందో అదే చెప్తుంది. పోనీ, రోజూ వేసుకునే చెప్పులు తెచ్చారా? ఎటువైపు అరిగాయో చూస్తాను."

ఆ చెప్పులు సెలూన్లో ఉన్నాయి. ఇక్కడ బూట్లేమో పెళ్లికొడుకులా తళతళలాడుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. కటింగ్‌కి నూనె రాసుకుని దువ్వుకొచ్చే వాళ్లని ఈయన ఎంతలేసి మాటలంటారో నాకు తెలుసు. ఇంక ఆగలేకపోయాను.

"'దువ్వుకొస్తే సుడి ఎక్కడుందో నాకెలా తెలుస్తుందిరా' అని అందరి మీదా ఎగురుతారుగా! ఇప్పుడు మీరు చేసిందేంటి?"

అందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితి తొట్టిలో పడిందంటే ఇదే. డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, బూట్లూ సాక్సూ తీయమంది. తీశారు. అడుగంతా నెత్తురు.

"ఇదెప్పుడు తెగిందండీ?"

"తెగిందా?" అన్నారు ఈయన, వంగి చూస్తూ.

డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. ఆయన్ని కళ్లు మూసుకోమంది. చిన్న పిడికి బిగించిన సన్నటి నైలాన్ దారం తీసి, "పాదానికి తగిలినప్పుడల్లా చెప్పండి" అంది. బొటనవేలి కింద ఆనించింది. దారం వంగడం నాకు కనబడుతూనే ఉంది. తర్వాత చిటికెనవేలి దగ్గర, ఆ తర్వాత మడమ మీద. మా ఆయన పరీక్ష రాసే పిల్లాడిలా కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. ఎంతకీ మాట లేదు. చివరికి, "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అన్నారు.



షుగరు వల్ల అరికాలికి స్పర్శ పోయిందని చెప్పింది డాక్టరమ్మ. గాయం కడిగి కట్టు కట్టింది. మానేదాకా ఆ కాలి మీద బరువు వేయకూడదట. కత్తి దాని దరిదాపులకి రాకూడదట. రోజూ ఎవరో ఒకరు అరికాలు చూసి తీరాలట.

"మానాక నిలబడొచ్చా?" అన్నారు ఈయన. ఆయనడిగింది అదొక్కటే.

"మధ్యమధ్య కూర్చుంటూ నిలబడొచ్చు. అశ్రద్ధ చేస్తే మాత్రం కాలే పోతుందండీ."

బయట బెంచీ మీద ఆటో కోసం కూర్చున్నాం. కట్టు కాలు నేలకి ఆనకుండా నా ఒళ్లో పెట్టుకున్నాను. ఈయన జేబులోంచి సెలూన్ తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. ఇన్నేళ్లూ అడిగి అడిగి నోరు పడిపోయినా ఇవ్వని మనిషి! దాన్ని విసిరి కొట్టాలన్నంత కోపమొచ్చింది. ఆ కత్తి మీద కోపం, ఆ బూట్ల మీద కోపం, ఆ దిక్కుమాలిన పెడల్ మీద కోపం. ఏడుపు కూడా వచ్చింది.

"షాపు మూసేయడానికి తీసుకోవట్లేదు" అన్నాను. "పుండు మానాక, రోజూ పొద్దున్నే అరికాలు నాకు చూపించాలి. చూశాకే తాళంచెవి."

"ఎవరైనా వింటే నవ్వుతారే."

"నవ్వనీయండి."

ఆయన సిగ్గుతో ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నారు. అటు చూస్తూనే, "సరే, రోజూ కాలు పట్టుకుని చూడు మరి" అన్నారు.

కట్టులోంచి బయటికున్న ఆ వేళ్లని నేను అప్పటికే పట్టుకుని ఉన్నాను.