చెక్క తుపాకీ దెబ్బ

ఉర్లాలోని ఒక స్టీలు ఫ్యాక్టరీలో నేను ఫిట్టర్‌గా చేరిన కొత్తలో జరిగిందిది. తన తప్పు నా మీదకి నెట్టి, మా ఫోర్‌మన్ అప్పారావు షెడ్డులో అందరి ముందూ నన్ను చెంపమీద కొట్టాడు. ఎప్పటికైనా బదులు తీర్చుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

గణతంత్ర దినోత్సవానికి కార్మికులమంతా కలిసి కార్గిల్ యుద్ధ ఘట్టం ప్రదర్శించాం. ఆ యుద్ధంలో నిజంగా చనిపోయిన, మందిర్ హసౌద్ దగ్గరి పల్లెకి చెందిన జవాను వేషం అప్పారావుది. అతన్ని చంపే శత్రు సైనికుడి వేషం నేనే అడిగి తీసుకున్నాను.

చెక్క తుపాకీ మడమను అతని భుజానికి ఊరికే తాకించాలి. నేను బలంకొద్దీ మొహం మీద కొట్టాను. పెదవి చిట్లి అతను నిజంగానే కూలిపోయాడు. నా కసి తీరింది.

అంతలో ముందు వరుసలోంచి ఒక ముసలావిడ, "మోర్ బేటా ల ఝన్ మారో!" అని కేక పెట్టింది. నా కొడుకుని కొట్టొద్దంటోంది. సన్మానానికి పిలిచిన ఆ జవాను కన్నతల్లి ఆవిడే. పరుగున వచ్చి అప్పారావు తలను ఒళ్లోకి తీసుకుని, కొంగుతో నెత్తురు తుడిచింది.

"దాయీ, మై జిందా హూ," బతికే ఉన్నానమ్మా అంటూ అతనూ ఏడ్చేశాడు.

తర్వాత నన్ను పక్కకి పిలిచాడు.

"కావాలనే కొట్టావు గదేటి?"

"అవునండి."

"షెడ్డులో కొట్టాల్సింది రా. ఆ తల్లి ముందు కాదు."

ఆ చెంపదెబ్బని నేనిప్పటికీ క్షమించలేదు. కానీ ఆ తల్లి కాళ్లమీద పడి క్షమించమని అడిగే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది. నన్ను ఎక్కువగా బాధించేది అదే.